బల్ల మీద నల్లమల కనుమ
నమూనా రైలు మార్గానికి పథకం వేయడం ఎలా?

గుంటూరులో నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. నరసరావుపేట, వినుకొండ దాకా రెండు వైపులా నల్లరేగడి చేలు కనిపిస్తాయి. పత్తి, మిరప, అక్కడక్కడ కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం దాటేసరికి నేల రంగు మారుతుంది. గిద్దలూరు తర్వాత దిగువమెట్ట స్టేషను వస్తుంది. అక్కడ నల్లమల కొండలు గోడలా ఎదురు నిలుస్తాయి. ఇంతవరకు చదునుగా పరుగెత్తిన బండికి ఇక్కడ అసలు పరీక్ష మొదలవుతుంది.

ఈ కనుమను మన ఇంట్లో ఒక బల్ల మీద నమూనాగా కట్టాలంటే ఏం చేయాలి? పట్టాలు కొనడం, అట్టతో కొండ చేయడం తర్వాతి మాట. ముందు కాగితం మీద లెక్క వేయాలి. లెక్క లేకుండా కట్టిన కొండను రైలు ఎక్కదు. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం కదలదు. ఆ లెక్క ఎలా వేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. దానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల గణితం చాలు.

సగటు దాచిపెట్టే సంగతి

గుంటూరు సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉంది. నంద్యాల సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. రెండింటికీ తేడా 170 మీటర్లు. రెండు ఊళ్ళ మధ్య రైలు దారి 250 కిలోమీటర్లకు పైనే. అంటే సగటున దాదాపు 1,470 మీటర్ల దూరానికి ఒక్క మీటరు ఎత్తు. ఇంత చిన్న వాలును కంటితో పోల్చుకోలేం.

మరి కష్టం ఎక్కడ? రెండు ఊళ్ళ మధ్య కొండ ఉంది. బండి నంద్యాల కంటే ఎత్తుకు ఎక్కి, మళ్ళీ దిగాలి. ఆ ఎక్కడం, దిగడం కొద్ది కిలోమీటర్లలోనే జరగాలి. సగటు లెక్కలో ఈ సంగతి కనిపించదు. బండి ఎంత బరువు లాగగలదో నిర్ణయించేది సగటు వాలు కాదు, దారిలో అన్నిటికన్నా నిటారుగా ఉన్న వాలు. నడుం లోతు గుంట ఒక్కటున్నా చాలు, సగటున మోకాలి లోతున్న చెరువులో కూడా చిన్నపిల్లవాడు మునిగిపోతాడు. ఇదీ అంతే.

వాలును ఎలా కొలుస్తారు?

40 మీటర్లు ముందుకు పోయేసరికి 1 మీటరు పైకి ఎక్కితే దాన్ని '40కి 1' వాలు అంటారు. 100 మీటర్లకు 1 మీటరు ఎక్కితే '100కి 1'. శాతంలో చెప్పాలంటే మొదటిది రెండున్నర శాతం, రెండవది ఒక శాతం. ముందున్న అంకె తగ్గేకొద్దీ వాలు నిటారవుతుందని గుర్తుంచుకోండి.

మన దేశంలోని కొన్ని కనుమలు చూడండి. బొంబాయి నుంచి పూనా వెళ్ళే దారిలో భోర్ ఘాట్ వాలు 37కి 1. గోవా వైపు దిగే బ్రగాంజా ఘాట్‌లోనూ అంతే. నీలగిరి కొండల మీద ఊటీకి పోయే చిన్న రైలు మార్గంలో సుమారు 12కి 1 వాలుంది. అక్కడ ఉత్త చక్రాలకు పట్టు చాలదు. అందుకని పట్టాల మధ్య పళ్ళ కడ్డీ పరిచారు. ఇంజను కింది పళ్ళచక్రం ఆ పళ్ళలో చిక్కుకుంటూ పైకి పాకుతుంది. పళ్ళ కడ్డీ లేని మామూలు రైలుకు 37కి 1 అంటేనే చాలా నిటారు దారి.

రోడ్డు మీద లారీ ఇంతకన్నా నిటారు దారులు ఎక్కుతుంది కదా, రైలుకేం వచ్చింది? అని మీరడగవచ్చు. దానికి జవాబు ఇనుప చక్రంలోనే ఉంది.

ఇనుప చక్రం: ఒక లాభం, ఒక నష్టం

ఇనుప పట్టా మీద ఇనుప చక్రం ఎంతో తేలికగా దొర్లుతుంది. చదును నేల మీద మెల్లగా పోయే బండిని కదలకుండా ఆపే ఘర్షణ, బరువులో దాదాపు వెయ్యింట నాలుగు వంతులు అనుకోండి. అంటే ఒక టన్ను, అనగా 1,000 కిలోల బరువును లాగడానికి 4 కిలోల బలం చాలు. ఇది లాభం.

అయితే ఆ నునుపే కొండ దగ్గర నష్టమవుతుంది. ఇంజను చక్రం పట్టాను పట్టుకుని లాగాలి. పట్టా పొడిగా ఉంటే ఇంజను తన బరువులో సుమారు నాలుగో వంతు బలంతో లాగగలదు. అంతకు మించి లాగబోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పట్టా తడిసినా, దాని మీద ఆకులు నలిగినా పట్టు ఇంకా తగ్గుతుంది. అందుకే ఇంజన్లలో పొడి ఇసుక ఉంచుతారు. చక్రం జారినప్పుడు దాని ముందు పట్టా మీద ఇసుక చల్లుతారు.

ఇప్పుడు వాలు చేసే పని చూద్దాం. 100కి 1 వాలు మీద ప్రతి టన్నునూ భూమి వెనక్కి లాగే బలం 1,000లో నూరో వంతు, అంటే 10 కిలోలు. 40కి 1 వాలు మీద అది 25 కిలోలు. దీనికి ఘర్షణ 4 కిలోలు కలపాలి.

100 టన్నుల ఇంజను ఒకటి తీసుకుందాం. దాని పట్టు 25 టన్నులు, అంటే 25,000 కిలోలు. అది ఇంజను బరువుతో సహా ఎంత బండిని మెల్లగా లాగగలదు?

చదును మీద: టన్నుకు 4 కిలోలు. 25,000 ÷ 4 = 6,250 టన్నులు.
100కి 1 వాలు మీద: టన్నుకు 14 కిలోలు. 25,000 ÷ 14 = సుమారు 1,785 టన్నులు.
40కి 1 వాలు మీద: టన్నుకు 29 కిలోలు. 25,000 ÷ 29 = సుమారు 860 టన్నులు.

చూశారా? కంటికి ఏమంత అనిపించని నూటికొక్క వాలు బండిని మూడో వంతు కన్నా తక్కువకు కోసేసింది. మైదానంలో ఒక్క ఇంజను లాగిన బండికి కొండ దగ్గర వెనక మరో ఇంజను ఎందుకు తగిలిస్తారో ఈ మూడు పంక్తులు చెబుతాయి. ఆ వెనక ఇంజన్ను బ్యాంకర్ అంటారు. అది బండిని కిందినుంచి పైకి నెడుతుంది.

ఎత్తును పొడవుతో కొనాలి

కొండ ఎత్తు తగ్గించడం మన చేతిలో లేదు. వాలు తగ్గించాలంటే ఒకటే మార్గం: దారి పొడవు పెంచడం. 30 మీటర్లు ఎక్కాలంటే 40కి 1 వాలుతో 1,200 మీటర్ల దారి కావాలి. 100కి 1 వాలుతో 3,000 మీటర్లు కావాలి. ఎత్తుకు వెల పొడవు. ఈ బేరం తప్పించుకోవడం ఏ ఇంజనీరు తరమూ కాదు.

కనుక దారి వేసేవారు కొండ పక్కనే మెలికలు తిరుగుతూ పోతారు. అడ్డొచ్చిన గుట్టను కోస్తారు. పల్లంలో కట్ట పోస్తారు. లోయ లోతుగా ఉంటే వంతెన కడతారు. శిఖరం దాకా ఎక్కే పని లేకుండా సొరంగం తొలుస్తారు.

నల్లమలలో ఇవన్నీ ఉన్నాయి. 1876–78 సంవత్సరాల ఘోరమైన కరువు తర్వాత, కరువు ప్రాంతాలకు ధాన్యం చేరవేసే దారులు కావాలని ప్రభుత్వం గుర్తించింది. అలా 1880 దశకంలో సదరన్ మరాఠా రైల్వే వారు బళ్ళారి వైపు నుంచి కృష్ణానది దాకా మీటరు గేజి దారి వేశారు. 1890 నాటికి అది గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరింది. చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య అడవిలో ఒక సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన ఈ దారిలో పేరు మోశాయి. సొరంగం ఉన్న చోటును బొగద అంటారు. మరాఠీలో బోగదా అంటే సొరంగమే.

నూరేళ్ళకు పైగా మీటరు గేజి బండ్లు ఆ వంతెన మీదుగా నడిచాయి. 1990 దశకంలో దారిని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు ఈ భాగంలో కొత్త మార్గం, కొత్త సొరంగం వచ్చాయి. దొరబావి వంతెన వాడుక తప్పింది. పాత దారిలో బండి పోయిన తీరును మళ్ళీ చూడాలంటే మనమే నమూనాగా కట్టుకోవాలి.

మొదటి ప్రయోగం: పలక మీద బండి

పథకం వేయడానికి ముందు వాలు బలాన్ని మీ చేత్తో కొలిచి చూడండి.

కావలసినవి: ఒక మీటరు పొడవైన నున్నని చెక్క పలక, తేలికగా దొర్లే బొమ్మ బండి, సన్నని దారం, ఒక చిన్న కప్పీ లేక నూలు ఉండ చక్రం, ఒకే రకం ఇనుప వాషర్లు ఇరవై, ఒక కాగితపు గిన్నె.

పలకను ముందు చదునుగా పెట్టండి. బండికి దారం కట్టి, పలక చివర బిగించిన కప్పీ మీదుగా కిందికి వేలాడదీయండి. దారానికి గిన్నె కట్టి వాషర్లు ఒక్కొక్కటిగా వేయండి. వేలితో తట్టగానే బండి ఆగకుండా మెల్లగా సాగేటప్పుడు ఎన్ని వాషర్లు ఉన్నాయో రాసుకోండి. ఇప్పుడు కప్పీ ఉన్న చివరను 1 సెంటీమీటరు ఎత్తండి. ఇది 100కి 1. తర్వాత రెండున్నర సెంటీమీటర్లు, అంటే 40కి 1. తర్వాత 4 సెంటీమీటర్లు, అంటే 25కి 1. చివరకు 8 సెంటీమీటర్లు. ప్రతిసారీ వాషర్లు లెక్కపెట్టండి.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా వాలును, నిలువుగా వాషర్ల సంఖ్యను గుర్తించండి. చుక్కలు ఇంచుమించు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ సున్నా దగ్గర మొదలుకాదు. అది మొదలయ్యే ఎత్తే మీ బండి, కప్పీల ఘర్షణ.

బొమ్మ రైలు నిజం రైలు లాంటిది కాదు

నమూనా రైళ్ళలో ఎక్కువగా వాడే కొలతను హెచ్.ఓ. అంటారు. ఇందులో ప్రతి వస్తువూ అసలు దానిలో 87వ వంతు. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 పైన వస్తుంది. మీటరు గేజి అయితే 11.5 వస్తుంది. దొరికే పట్టాలు ఈ రెంటికీ సరిగ్గా సరిపోవు, కాని మన లెక్క నేర్చుకోవడానికి 16.5 మిల్లీమీటర్ల పట్టా చాలు.

పొడవు 87వ వంతయితే బరువు ఎంతవుతుంది? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి. కనుక బరువు 87 × 87 × 87, అంటే సుమారు 6,58,500వ వంతవుతుంది. 100 టన్నుల ఇంజను 152 గ్రాములకు వస్తుంది! ఇంత తేలికగా ఉంటే పట్టు చాలదు. అందుకే బొమ్మ ఇంజన్లలో సీసం వంటి బరువు పెడతారు.

ఘర్షణ మాత్రం అదే వంతున తగ్గదు. చిన్న ఇరుసులు, చిన్న చక్రాలు కావడంతో బొమ్మ పెట్టె మీద ఘర్షణ దాని బరువులో వందకు మూడు వంతులు దాకా ఉండవచ్చు. నిజం రైలుకు ఇది వెయ్యింట నాలుగే అని చెప్పుకున్నాం.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. 40కి 1 వాలు ఎక్కేటప్పుడు నిజం రైలు మీద లాగుడు 4 నుంచి 29కి, అంటే ఏడు రెట్లకు పెరుగుతుంది. బొమ్మ రైలు మీద మూడు శాతం నుంచి అయిదున్నర శాతానికి, అంటే రెండు రెట్ల లోపే పెరుగుతుంది. చదును మీద బొమ్మ రైలు పేలవమైనది, కొండ మీద మాత్రం అంత త్వరగా లొంగదు. కాబట్టి నిజం దారిలో 100కి 1 ఉన్నచోట మనం బల్ల మీద 40కి 1 పెట్టుకున్నా తప్పులేదు.

300 గ్రాముల ఇంజను, 100 గ్రాముల పెట్టెలు తీసుకుందాం. ఇంజను పట్టు దాని బరువులో అయిదో వంతు, అంటే 60 గ్రాములు అనుకుందాం. చదును మీద ఒక్కో పెట్టెకు 3 గ్రాములు కావాలి కనుక 20 పెట్టెలు లాగుతుంది. 40కి 1 వాలు మీద ఇంజను తన్ను తాను ఎత్తుకోవడానికే ఏడున్నర గ్రాములు పోతాయి. మిగిలిన యాభై రెండున్నరను పెట్టెకు అయిదున్నర చొప్పున పంచితే 9 పెట్టెలు వస్తాయి. 25కి 1 మీద 6 పెట్టెలు. 12కి 1 మీద మూడే.

బల్ల చాలుతుందా?

మనకున్న పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే 244, 122 సెంటీమీటర్లు. నమూనాలో కిలోమీటరు దూరం పదకొండున్నర మీటర్లు అవుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాల దాకా కొలత ప్రకారం కట్టాలంటే మీ ఊరి వీధి కూడా చాలదు. కనుక దారి అంతా కాకుండా దాని గుణాలు తీసుకుందాం: కింద ఒక స్టేషను, ఎక్కుడు, పైన ఒక చిన్న స్టేషను, ఒక వంతెన, ఒక సొరంగం.

దారి తన మీదుగా తానే వంతెన వేసుకుని దాటాలి. కింది బండి తగలకుండా పోవడానికి సుమారు 75 మిల్లీమీటర్ల ఖాళీ, వంతెన మందం 15 మిల్లీమీటర్లు, మొత్తం 90 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. 40కి 1 వాలుతో 90 × 40 = 3,600 మిల్లీమీటర్లు, అంటే 3.6 మీటర్లు.

ఇంతేనా? కాదు. చదును దారి చటుక్కున వాలుగా మారితే ఆ మలుపు దగ్గర ఇంజను నడిమి చక్రాలు గాలిలో తేలతాయి, కొక్కేలు ఊడతాయి. కనుక కింద 30 సెంటీమీటర్లు, పైన 30 సెంటీమీటర్లు మెల్లగా వంచాలి. ఈ వంపు భాగాల్లో సగం ఎత్తే వస్తుంది. అందువల్ల మొత్తం పొడవు మరో 30 సెంటీమీటర్లు పెరిగి 3.9 మీటర్లు అవుతుంది.

మొదటి పథకం: ఒకే చుట్టు. వంపు వ్యాసార్థం 50 సెంటీమీటర్లు పెడితే నేరు భాగాలు రెండూ 122 సెంటీమీటర్ల చొప్పున వస్తాయి. చుట్టు పొడవు 244 + 314 = 558 సెంటీమీటర్లు. ఇందులో సగంలో, అంటే 2.79 మీటర్లలో 90 మిల్లీమీటర్లు ఎక్కాలి, మిగతా సగంలో దిగాలి. వాలు సుమారు 28కి 1 అవుతుంది. పైగా స్టేషనుకు చదును చోటే మిగలదు. ఈ పథకం పనికిరాదు.

రెండవ పథకం: రెండు చుట్లు. బయటి చుట్టు వ్యాసార్థం 50, లోపలి చుట్టు వ్యాసార్థం 40 సెంటీమీటర్లు. బయటి చుట్టు 5.58 మీటర్లు, లోపలిది 4.95 మీటర్లు. రెండూ ఒకే దారిగా కలిసి, ఒకచోట ఒకదాని మీదుగా మరొకటి దాటుతాయి. బండి ముందువైపు నేరు భాగంలో బయటి పట్టా మీద, కింది స్టేషను నుంచి బయలుదేరుతుంది. వంతెన కిందుగా లోపలి చుట్టులోకి మారుతుంది. 3.9 మీటర్లు ఎక్కుతూ వెనక నుంచి తిరిగి మళ్ళీ ముందువైపుకు వస్తుంది. అక్కడ సుమారు 1 మీటరు చదునులో పై స్టేషను. తర్వాత వంతెన దాటి బయటి చుట్టులో 3.9 మీటర్లు దిగి మొదటి స్టేషనుకు చేరుతుంది. కింద సుమారు 1.7 మీటర్ల చదును మిగులుతుంది. ఇంజను, మూడు పెట్టెలు కలిపి ఒక మీటరే కనుక రెండు చోట్లా ఆగవచ్చు.

అదే బల్ల, అదే ఎత్తు. రెండో చుట్టు కొని తెచ్చింది పొడవు. వాలు 28 నుంచి 40కి మారింది, స్టేషన్లు కూడా వచ్చాయి.

స్టేషన్లు చదునుగానే ఉండాలి. నిజం రైల్వేలో కూడా స్టేషను ఆవరణ వాలు సాధారణంగా 400కి 1 కన్నా ఎక్కువ కాకూడదని నియమం. లేకపోతే నిలబెట్టిన పెట్టెలు వాటంతట అవే దొర్లిపోతాయి.

స్తంభాల ఎత్తులు

ఎక్కుడు భాగాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున 13 ముక్కలుగా విభజించండి. ఒక్కొక్క ముక్క చివర నిలిపే స్తంభం ఎత్తు మిల్లీమీటర్లలో ఇలా ఉండాలి: 4, 11, 19, 26, 34, 41, 49, 56, 64, 71, 79, 86, 90.

మొదటి అంకె, చివరి తేడా చిన్నవిగా ఎందుకున్నాయో ఆలోచించండి. మిగతా చోట్ల ముక్కకు ఏడున్నర మిల్లీమీటర్లు. మిల్లీమీటరున్నర మందం అట్టలు అయిదు పేరిస్తే ఒక మెట్టు అవుతుంది. స్తంభాల మీద పొడవాటి పలచని చెక్క పట్టీ పరిచి, దాని మీద పట్టా బిగించండి. పట్టీ చిన్న ముక్కలైతే అతుకు అతుకుకూ గతుకు వస్తుంది.

వంపులో దాగిన వాలు

వంపులో చక్రాల అంచులు పట్టాను రాసుకుంటాయి. బండికి అదొక అదనపు వాలులా తోస్తుంది. అందుకే మన రైల్వేలు వాలు మీద వంపు వచ్చినప్పుడు వాలును కొంచెం తగ్గిస్తాయి. బ్రాడ్ గేజిలో ప్రతి డిగ్రీ వంపుకు 0.04 శాతం, మీటరు గేజిలో 0.03 శాతం తగ్గించాలని నియమం. 350 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు 5 డిగ్రీల వంపు. అక్కడ బ్రాడ్ గేజి వాలు 1 శాతం ఉండవలసిన చోట 0.8 శాతమే పెడతారు. అంటే 100కి 1 బదులు 125కి 1.

బొమ్మ రైలులో వంపులు మరీ బిగువు. నమూనాలు కట్టేవారు ఒక మోటు లెక్క వాడతారు: 81ని సెంటీమీటర్లలో ఉన్న వ్యాసార్థంతో భాగిస్తే అదనపు వాలు శాతంలో వస్తుంది. మన 40 సెంటీమీటర్ల వంపుకు అది సుమారు 2 శాతం! రెండున్నరకు రెండు కలిపితే నాలుగున్నర. బండి మొత్తం వంపులో ఉన్నప్పుడు 9 పెట్టెలు లాగుతుందనుకున్న ఇంజను 6 పెట్టెలే లాగుతుంది. మన స్టేషనులో పట్టేవి మూడే కనుక భయం లేదు. పొడవాటి ప్రయాణికుల పెట్టెల కన్నా పొట్టి గూడ్సు పెట్టెలు ఈ వంపులో బాగా తిరుగుతాయి. పత్తి బేళ్ళు, మిరప బస్తాలు మోసే బండి గుంటూరు దారికి తగినదే.

దిగడం తేలిక కాదు

ఎక్కడమే కష్టమనీ దిగడం సులువనీ అనుకోకండి. ఎక్కేటప్పుడు పట్టు చాలకపోతే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఆగదు. విశాఖపట్నం దగ్గరి కొత్తవలస నుంచి కిరందూల్ పోయే దారిని 1960 దశకంలో తూర్పు కనుమల్లో వేశారు. అందులో శిమిలిగూడ స్టేషను వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉంది. బైలదిల్లా ఇనుప రాయి నింపుకున్న బరువైన బండ్లు అంత ఎత్తు నుంచి సముద్రం వైపు దిగాలి. అక్కడ బ్రేకులే ప్రాణం.

కనుమల్లో అదుపు తప్పిన బండిని పక్కకు మళ్ళించి ఎదురెక్కుడులోకి తోసే ప్రత్యేక దారి ఉంటుంది. దాన్ని క్యాచ్ సైడింగ్ అంటారు. మీ పథకంలో దిగుడు చివర, కింది స్టేషనుకు ముందు అలాంటి దారి ఒకటి గీయండి. అది పైకి ఎక్కుతూ ఇసుకలో ముగియాలి. ఎందుకో మీరే చెప్పండి.

కొండకు రంగులు

లెక్క తేలాక కళ మొదలు పెట్టవచ్చు. పాత వార్తాపత్రికలను మైదా జిగురులో ముంచి వైరు చట్రం మీద పరిస్తే కొండ తయారవుతుంది. రెండు చుట్ల మధ్య ముందువైపు నిటారు రాతి గోడ వస్తుంది. దానికి మార్కాపురం పలకరాయి ముక్కలు దొరికితే అంతకన్నా మంచిది లేదు. మన బడి పలకలు తయారైన ఆ రాయి పొరలు పొరలుగా విడిపోతుంది, అసలు రాతి కోతలా కనిపిస్తుంది. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపితే అడవి, ఎర్ర రంగు కలిపితే మిరప కళ్ళం. చిన్న అద్దం ముక్క పెడితే కంభం చెరువు. వెనకవైపు ఎక్కుడు భాగం మీద సొరంగం పెట్టండి. కాని బండి అందులో పడిపోతే తీయడానికి చెయ్యి దూరేంత ఖాళీ వదలడం మరవకండి.

ఒక హెచ్చరిక: బొమ్మ రైలుకు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు మాత్రమే వాడాలి. ఇంటి కరెంటును నేరుగా పట్టాలకు ఎప్పుడూ కలపకూడదు. ట్రాన్స్‌ఫార్మరు బిగించేటప్పుడు పెద్దవారిని దగ్గర ఉంచుకోండి.

రైలు కొనలేనివారు దిగులు పడవద్దు. గ్రాఫు కాగితం మీద 10 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున పథకం గీయండి. దాని కిందనే దారి నిలువు కోత గీయండి. అందులో పొడవును పదో వంతుకు తగ్గించి, ఎత్తును ఉన్నదున్నట్లు చూపండి. రైల్వే ఇంజనీర్లు కూడా తమ నిలువు కోతల్లో ఎత్తును ఇలాగే పెంచి గీస్తారు. లేకపోతే వాలు కంటికి ఆనదు. బల్ల మీద బండి ఎక్కుతుందో లేదో ఈ కాగితమే చెప్పేస్తుంది.

మీరే చేయండి

1. వంతెన ఎత్తు 90 బదులు 60 మిల్లీమీటర్లు చాలితే, 40కి 1 వాలుకు వంపులతో కలిపి ఎంత పొడవు కావాలి?

2. మన ఇంజను 30కి 1 వాలు మీద, నేరు దారిలో ఎన్ని పెట్టెలు లాగుతుంది?

3. ఇంజనులో మరో 100 గ్రాముల సీసం పెడితే 40కి 1 వాలు మీద ఎన్ని పెట్టెలు పెరుగుతాయి? అలాగే సీసం పెంచుకుంటూ పోతే మోటారుకు ఏమవుతుంది?

4. మీ ఊరికి దగ్గరలోని రైలు దారి పక్కన వాలు తెలిపే చిన్న స్తంభాలు ఉంటాయి. ఫ్లాట్‌ఫారం మీద నుంచో, గేటు బయటనుంచో వాటిని చూసి అంకెలు రాసుకోండి. పట్టాల మీదికి మాత్రం వెళ్ళకండి. ఆ అంకెలతో మీ దారి నిలువు కోత గీయండి.

జవాబులు: 1. 2.7 మీటర్లు. 2. సుమారు 7 పెట్టెలు. 3. పట్టు 80 గ్రాములవుతుంది. ఇంజను తనకే 10 గ్రాములు పోగా 70 మిగులుతాయి, 12 పెట్టెలు లాగుతుంది. అంటే 3 పెరుగుతాయి. రెండో సగానికి, నాలుగో ప్రశ్నకు జవాబు మీ ప్రయోగంలోనే ఉంది.